పొరల పెట్టె

2094లో కళింగపట్నం రేవులో దిగేవాళ్ళకి మూడు పరీక్షలు ఉండేవి. ఒకటి రక్తానికి, ఒకటి ఊపిరితిత్తులకి, మూడోది తాతమ్మ కథకి. మొదటి రెండూ పావుగంటలో అయిపోయేవి. మూడోదాని కోసం జనం ఓడలోనే వారాల తరబడి పడి ఉండేవాళ్ళు.

వచ్చేవాళ్ళందరూ చెరకు దీవి మనుషులు. మ్యాపులో ఆ దీవికి ఏదో ఫ్రెంచి పేరు ఉంది గానీ దాన్ని పలికే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు. తెల్లదొరల చెరకు తోటల్లో పని కోసం ఈ తీరం నుంచే ఓడలెక్కి వెళ్ళిన కూలీల సంతానం వాళ్ళు. వెళ్ళి రెండు శతాబ్దాలు దాటింది. ఇప్పుడు ఆ దీవి ఏడాదికో వీధి చొప్పున సముద్రంలోకి దిగిపోతోంది. మన బిడ్డలే కదా, రానివ్వండి అని ఇక్కడి ప్రభుత్వం పెద్ద మనసు చేసుకుంది. చేసుకుంటూనే ఓ మెలిక పెట్టింది. ఎవరి పూర్వీకులు ఏ ఊరి నుంచి వెళ్ళారో ఆ ఊరే వాళ్ళకి చోటివ్వాలి. ఊరు తేలనివాళ్ళు వచ్చిన ఓడలోనే వెనక్కి పోవాలి.

రక్తం చూస్తే ఈ తీరం వాళ్ళేనని తెలిసేది గానీ ఏ ఊరో తెలిసేది కాదు. కాగితాలు ఏనాడో నీళ్ళ పాలయ్యాయి. మిగిలిన ఒకటి రెండు రిజిస్టర్లలో కూడా గుమాస్తా చెవికి వినబడిందే పేరు, చేతికి వచ్చిందే ఊరు. ఇక ఆధారం నోటి మాట ఒక్కటే. అవ్వ మనవరాలికి చెప్పింది, ఆ మనవరాలు అవ్వయ్యాక తన మనవరాలికి చెప్పింది, అంతే.

ఆ నోటి మాటని తూచడానికి డాక్టర్ తరణి పదకొండేళ్ళు కష్టపడి ఓ పరికరం తయారుచేసింది. ఇంగ్లీషులో దాని పేరు నెరేటివ్ స్ట్రాటిగ్రాఫ్. పరిభాషా సంఘం వారు ‘కథాస్తర మాపకం’ అని నామకరణం చేసి, శాలువా కప్పి పంపించారు. రేవులో జనం మాత్రం పొరల పెట్టె అన్నారు. ఆ పేరే నిలబడింది.

అది పనిచేసే తీరు చెప్పుకుంటే తేలికే. పాత గోడ మీద ఏటేటా వేసిన సున్నంలాగా, కథ మీద చెప్పిన ప్రతి మనిషీ ఓ పొర వేసిపోతాడు. నలభై రోజుల ప్రయాణం మనవల దగ్గరికి వచ్చేసరికి నాలుగు అమావాస్యలవుతుంది. చెడ్డవాడు ఇంకాస్త చెడ్డవాడవుతాడు. మన తాత ఓ జానెడు పొడుగవుతాడు. ఈ మార్పుకి ఓ వేగం ఉందని తరణి లెక్కకట్టింది. స్మృతిక్షయ గుణకం, అంటే మెమరీ డికే కోఎఫిషియెంట్ అన్నమాట. చెప్పేవాడి ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఏ మాట దగ్గర తొందరపడుతున్నాడు, వాడుకలో లేని ఏ పాత ముక్క మధ్యలో ఇరుక్కుపోయి ఉంది, ఇవన్నీ పెట్టె వింటుంది. విని ఆ గుణకంతో వెనక్కి లెక్కవేసుకుంటూ ఒక్కో పొరా వొలుస్తుంది.

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఒకే మూలం నుంచి చీలి, ఎన్నో ఏళ్ళు విడిగా బతికిన రెండు శాఖలు చెప్పే కథల్లో తేడాలు ఉండి తీరాలి. ఎంత ఉండాలో కూడా పెట్టెకి తెలుసు. ఆ మేరకు ఉంటే మూలం నిజం. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఎవరో నేర్పారని అర్థం. అప్పుడు పెట్టె ‘అల్లిక’ అంటుంది. అల్లిక అంటే వెనక్కి.

మూడేళ్ళలో పెట్టె నాలుగు వేల మందిని ఒడ్డెక్కించింది. ఎనిమిది వేల మందిని తిప్పి పంపింది. “దానికి కులం లేదు, లంచం తెలీదు, చుట్టరికం అసలే లేదు,” అని తరణి సభల్లో చెప్పేది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమెకి గర్వంగానే ఉండేది.

దళారులు ఊరుకుంటారా? దీవిలోనే కథలు బట్టీ పట్టించే కేంద్రాలు వెలిశాయి. వాళ్ళ పని పట్టడానికి తరణే తొమ్మిదో నిబంధన రాసింది. అల్లిక అని తేలిన కుటుంబం, తమకి కథ నేర్పినవాళ్ళెవరో పేరు చెబితే వాళ్ళ కథ ఇంకొక్కసారి వింటారు. నేర్పిన మనిషి మాత్రం ఈ గడ్డ మీద ఇక ఎప్పటికీ అడుగుపెట్టకూడదు. రాసినప్పుడు ఆమె మనసులో ఉన్నది దళారులే.

ఆ ఆషాఢంలో వచ్చిన ఓడలో నరసమ్మ కుటుంబం ఉంది. మొత్తం పదకొండు మంది. పెద్దదిక్కు డెబ్భై రెండేళ్ళ నరసమ్మ. ఆవిడ చెయ్యి వదలని మనవరాలు పోలికి పన్నెండేళ్ళు. అమ్మానాన్నలు కిందటేడు ఉప్పెనలో పోయారు. నరసమ్మకి వరసకి తమ్ముడు సన్యాసి. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, నలభై ఏళ్ళుగా నరసమ్మ ఇంట్లోనే ఉంటూ ఆ ఇంటి చాకిరీ చేసుకొచ్చాడు. మిగిలినవాళ్ళు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు.

వాళ్ళందరికీ మూలం బంగారి అనే మనిషి. 1866 కరువులో ఓడెక్కింది. ఏ ఊరి నుంచో ఎవరికీ తెలీదు, ఏదో ఏటి ఒడ్డు అని మాత్రం తెలుసు. నరసమ్మది బంగారి కూతురి శాఖ, సన్యాసిది కొడుకు శాఖ. రెండు శాఖలూ దీవికి చెరో కొసా ఉన్న ఎస్టేట్లలో బతికాయి. సన్యాసి తుపానులో సర్వం పోగొట్టుకుని నరసమ్మ గుమ్మం తొక్కేదాకా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

పదకొండు మందినీ విడివిడిగా గదిలో కూర్చోబెట్టి విన్నారు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది.

“పదకొండు వాంగ్మూలాలు,” అంది పెట్టె. దానికి తరణి ఓ మామూలు గొంతు పెట్టింది, ఆడా మగా కాకుండా. “తేడా అర శాతం కన్నా తక్కువ. అల్లిక.”

“రెండు శాఖలు కదా?”

“ఔను. చీలి రెండు వందల ఏళ్ళయింది. కనీసం ముప్ఫై శాతం తేడా ఉండాలి. వీళ్ళందరూ బంగారి ఆకుపచ్చ గాజులు వేసుకుందనే చెబుతున్నారు. మూడు రోజుల పని అని కూలీల్ని కుదిర్చే మేస్త్రీ మోసం చేశాడంటున్నారు. మంగళవారం అంటున్నారు. పన్నెండేళ్ళ పిల్లా, డెబ్భై రెండేళ్ళ ముసలామే ఒకే చోట ఆగి ఒకే చోట నిట్టూరుస్తున్నారు.”

తరణి సంతకం పెట్టింది. ఆ వారంలో అది పద్నాలుగో అల్లిక.

హాల్లోకి వెళ్ళి టీ తెచ్చుకుంటున్న తరణికి కిటికీ పక్క నుంచి తగువు వినబడింది. రెండొందల ఏళ్ళ కిందటి శ్రీకాకుళం మాట ఆ దీవిలో ఉప్పులో ఊరేసినట్టు అలాగే ఉండిపోయింది. అక్కని ఇంకా అప్పా అనే పిలుస్తారు.

“నానేటన్నాను? ఎవులికి తెలిసింది ఆల్లు సెప్పాల అన్నానా నేదా?” అంటున్నాడు సన్యాసి. “నువ్వే కదప్పా, పరాయోల్ల ముందల ఇంటి గొడవేట్రా, అందరం ఒకే మాట మీదుండాలని నా నోరు నొక్కీసినావు. ఎనిమిది రోజులు వోడ మీద కూకోబెట్టి వల్లింపించినావు.”

“మరి నీ కత ఇంటే నవ్విపోరేటి?” అని నరసమ్మ లేచింది. “బంగారిని సేతులు కట్టీసి, గోనిసంచిలో ఎట్టి ఎత్తుకెల్లిపోనారట! సంచేట్రా? అదేటి వొడ్లా? అది తన కాల్ల మీద నడిసెల్లింది. వదినతోటి తగువాడి, ఈ ఇంటి మెతుకు ముట్టనని ఒట్టెట్టుకుని మరీ ఎల్లింది. మా అమ్మమ్మ సెప్పింది.”

“మీ అమ్మమ్మకి తెల్దు! మా తాత తాత బంగారి ఒడిలో ఇన్నాడు. కట్టిన తాడు మచ్చ సేతి మీద సూసినాడు. అన్నయ్య అరుసుకుంటా లెగిసినాడు గానీ గడప దాటలేకపోనాడట.”

“అన్న గడప దాటనేదు, అది నిజివే. తగువులో పంతానికి దాటనేదు.”

“పంతవేటి అప్పా!”

“మరేట్రా?”

తరణి చేతిలో టీ చల్లారిపోయింది. మూడేళ్ళుగా పెట్టె వెంట కూర్చుని ఆమె చెవి కూడా ఓ చిన్న పెట్టె అయింది. ఇది అల్లిక కాదు. రెండు వందల ఏళ్ళు విడిగా పెరిగిన రెండు నిజమైన కథలు ఇలాగే తిట్టుకుంటాయి. పాపం వీళ్ళు చేసిన తప్పల్లా ఒకటే. ఆఫీసరు ముందుకి వెళ్ళబోయే ఏ తెలుగు కుటుంబమైనా చేసే పనే చేశారు. లోపల ఎన్ని ఉన్నా బయటికి ఒకే మాట చెప్పాలని కూర్చుని, సగం నీది సగం నాది అని సర్దుకుని, రాజీ కథ ఒకటి తయారుచేశారు. సంచీ పోయింది, తగువూ పోయింది. మధ్యేమార్గంగా మూడు రోజుల పని వచ్చింది.

అప్పుడు తరణికి ఇంకో ఆలోచన వచ్చింది. దళారులకి బుర్ర ఉంది. ఏడాదిగా వాళ్ళ కేంద్రాల్లో ఒకే కథ నేర్పడం మానేశారని, అన్నకి ఒకలా తమ్ముడికి ఒకలా లెక్క ప్రకారం తేడాలు నేర్పుతున్నారని తనకి కబురు అందుతూనే ఉంది. అంటే ఒడ్డెక్కిన నాలుగు వేల మందిలో ఎంతమంది అబద్ధం? వెనక్కి పోయిన ఎనిమిది వేల మందిలో ఎంతమంది ఇలా అమాయకంగా రాజీపడినవాళ్ళు? ఆ లెక్క అక్కడితో ఆపేసి, వీళ్ళనైనా చూద్దామని కిటికీ దగ్గరికి నడిచింది.

“ఇంకోసారి వింటానమ్మా,” అంది. “కానీ నిబంధన ఒకటుంది.”

తొమ్మిదో నిబంధన చదివి, అర్థమయ్యేలా మళ్ళీ చెప్పింది. నరసమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పోలి అవ్వ చెంగు పట్టుకుంది.

“సిటం సేపు మాటాడుకుంటాం తల్లీ,” అంది నరసమ్మ.

అద్దాల గోడ ఇవతల నిలబడి తరణి చూసింది. హాలు చివర పది మంది గుండ్రంగా కూర్చున్నారు. పోలిని దూరంగా బల్ల మీద కూర్చోబెట్టారు. ఇందాకటి అరుపుల్లేవు. సన్యాసి గుండ్రంలోనే ఉన్నాడు గానీ కాళ్ళు చాపుకుని సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు. ఎవరూ చూడకపోవడమే ఆమెకి మొదట కనబడింది. పెద్ద కోడలు ఏదో అంది. నరసమ్మ తల వంచుకుంది. అరగంటకి లేచి గదిలోకి వచ్చారు.

“మా సన్యాసేనమ్మా,” అంది నరసమ్మ నేల చూస్తూ. “ఆడే అందరికీ నేర్పినాడు.”

సన్యాసి పంచె సర్దుకుని ముందుకొచ్చాడు. “అవునండి. నానే. ఆల్లకేటీ తెల్దు.”

గదిలో మైకు వెలిగే ఉంది. “ఈ వాంగ్మూలాన్ని కూడా స్తర పరీక్షకి పెట్టనా?” అని అడిగింది పెట్టె.

తరణి ఇందాక కిటికీ దగ్గర తన చెవులతో విన్నది. వద్దన్నది సన్యాసి. నేర్పింది నరసమ్మ. ఆ ఒక్క ముక్క తను అంటే చాలు. అంటే నరసమ్మ వెనక్కి పోవాలి, పోలి అవ్వని వదలదు కనుక పోలీ పోవాలి, తల్లిని వదిలి కొడుకులు దిగరు. పదకొండు మందీ ఆ మునిగే వీధుల్లోకి పోతారు. ఇటు చూస్తే ఒక్క మనిషి. ముసలివాడు. వెనకా ముందూ ఎవరూ లేనివాడు. ఆ ఆలోచన తనకి ఎంత సులువుగా వచ్చిందో గమనించి ఆమెకి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే జవాబు చెప్పింది.

“అక్కర్లేదు.”

మర్నాడు అందరినీ మళ్ళీ విన్నారు. ఈసారి సన్యాసి సంచీ కథ సన్యాసి చెప్పాడు, నరసమ్మ తగువు కథ నరసమ్మ చెప్పింది. నేర్పిన మనిషి మాటకి హక్కు ఉండదు గానీ సాక్ష్యానికి పనికొస్తుంది. తన కోసం కాని సాక్ష్యం అతను గంటన్నర ఓపిగ్గా చెప్పాడు. పెట్టె ఆ రెండు శాఖల కథలనీ, ఇవతలి గట్టున నాలుగు వందల ఊళ్ళలో సేకరించిన కథలతో పోల్చుకుంటూ సాయంత్రం దాకా పనిచేసింది.

“ఊరు తేలింది,” అంది. “వంశధార ఒడ్డున నూకలవలస. నమ్మకం తొంభై ఒక్క శాతం.”

“నూకలవలసలో దీవికి వెళ్ళిన మనిషి కథే లేదు కదా?” అంది తరణి.

“లేదు. ఏట్లో మునిగిపోయిన మనిషి కథ ఉంది. కరువు ఏడాది నీళ్ళకి వెళ్ళి కొట్టుకుపోయిందట. పేరు ఎవరికీ గుర్తులేదు. ఏటి పేరంటాలు అని రాయి నిలబెట్టి కొలుస్తున్నారు. ఏటా ఆషాఢంలో ఆడవాళ్ళు పసుపూ గాజులూ తీసుకెళ్ళి ఏట్లో వదులుతారు.”

“మునిగిన మనిషికీ ఓడెక్కిన మనిషికీ పోలికేమిటి?”

“మూడు కథలూ ఒకే పొద్దున దగ్గర తప్పుకుంటున్నాయి. అప్పటిదాకా నెమ్మదిగా, వివరంగా నడుస్తాయి. పొయ్యిలో పిల్లి పడుకుందని కూడా చెబుతారు. ఆ పొద్దున రాగానే ఊపిరి తెగుతుంది, మాట పరిగెడుతుంది. ఒకరు తగువులోకి, ఒకరు సంచీలోకి, ఒకరు ఏట్లోకి. కానీ మూడింటిలోనూ ఓ పాత ముక్క మిగిలిపోయింది. అన్న గడప దాటలేదు.”

“నూకలవలస కథలో అన్న ఎక్కడున్నాడు?”

“కథలో లేడు. ఆచారంలో ఉన్నాడు. పేరంటాలు రోజున ఆ ఇంటి పెద్ద మగవాడు, ఆడవాళ్ళు ఏటి నుంచి తిరిగి వచ్చేదాకా గడప దాటకూడదు. ఎందుకో వాళ్ళకి తెలీదు. అడిగితే ఆనవాయితీ అంటారు.”

తరణి కుర్చీలో వెనక్కి వాలింది. “అడుగు పొర చెప్పు.”

“మొగుడు పోయి పుట్టింటికి చేరిన చెల్లెలు. పిల్లల్లేరు. ఇంట్లో తినడానికి ఏమీ లేదు. ఊళ్ళోకి మేస్త్రీ వచ్చాడు, మనిషిని ఇచ్చిన ఇంటికి గింజలు ఇచ్చాడు. సంచీ ఆ గింజలది కావచ్చు. చెల్లెల్ని ఎవరూ కట్టలేదు. ఆమె తనంతట తనూ వెళ్ళలేదు. అందరూ కూర్చుని అనుకున్నారు. ఆమె మేస్త్రీ వెంట నడుస్తుంటే అన్న గడప దగ్గర ఆగాడు.”

“మరి బంగారి తన పిల్లలకి ఆ మాట ఎందుకు చెప్పలేదు?”

“నా దగ్గర పొరలుంటాయి. కారణాలుండవు,” అంది పెట్టె.

కారణం తరణికి తెలుసు. నన్ను నా వాళ్ళే ఇచ్చేశారని పిల్లలకి ఏ తల్లి చెప్పుకుంటుంది? ఎత్తుకుపోయారంటే జాలి ఉంటుంది, నేనే వచ్చానంటే పరువు ఉంటుంది. రెండూ ఆ తల్లే చెప్పి ఉంటుంది, కూతురికి ఒకటి, కొడుక్కి ఒకటి. నిబంధనల ప్రకారం కుటుంబానికి ఊరి పేరు చెబితే చాలు. తరణి ఊరి పేరే చెప్పింది.

గురువారం ఉదయం పది మంది దిగారు. సన్యాసి ఓడలోకి తిరిగి వెళ్ళాడు. వెళ్ళే ముందు పోలి బుగ్గ గిల్లి, “ఎల్లొత్తానే గుంటా, అవ్వని సతాయించకు,” అన్నాడు. కొడుకులు చెక్క వంతెన దాకా వెళ్ళి సాగనంపారు. నరసమ్మ హాలు గుమ్మంలో నిలబడిపోయింది. రమ్మని కోడలు పిలిచినా గుమ్మం దాటలేదు. తరణికి అది కనబడింది. కనబడగానే చేతిలో కాగితాల వైపు చూపు తిప్పుకుంది.

మూడు నెలలు గడిచాయి. దీవి కార్యాలయం నుంచి నూకలవలస చిరునామాతో ఓ కంఠసందేశం వచ్చింది. సన్యాసి గొంతు. ఇలాంటివి కుటుంబాలకి గుమాస్తాలు చేరవేస్తారు. ఇది మాత్రం తరణి తనే పట్టుకుని బయలుదేరింది. పంపే ముందు వినడం ఆమె ఉద్యోగంలో భాగం. రెండుసార్లు వింది.

“అప్పా, నాను సన్యాసిని. బాగున్నాను. అక్కడి గాలి నాకు పడనేదు, అందుకే ఒచ్చీసినాను. నన్నెవులూ పంపనేదు, అలగని ఎవులైనా అంటే నమ్మకు. మన ఈది ఇంకా ఉన్నాది. మేడ మీదికి మారినాను. పోలి గుంట బడికెల్తందా? ఓపాలి దాని మాట పంపించు.”

నూకలవలసలో దీవి వాళ్ళకి ఏటి పక్కనే రేకుల ఇల్లు వేశారు. దారి చూపించిన ఊరి పెద్దావిడ చినతల్లి తరణికి నడుస్తూనే చెప్పింది. “మా పేరంటాలు తల్లి ఆ దీవిదాకా నీల్ల మీద నడిసెల్లి పిల్లల్ని కన్నాదమ్మా. తన పిల్లల్ని తనే మల్లీ ఇంటికి తోలింది.” మూడు నెలల కిందట ఆ ఊళ్ళో ఈ కథ లేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద సన్యాసి ఫొటో ఉంది. దానికి బంతిపూల దండ. కింద దీపం.

“ఏమయింది?” అని అడిగింది తరణి.

“వోడ మీదే పోనాడమ్మా,” అంది నరసమ్మ. గొంతులో నిజంగానే దుఃఖం ఉంది. “మన దేసం మట్టి కల్లారా సూసినాడు. ఆ ఆనందానికి గుండె తట్టుకోనేదు. మేం దిగీసరికే అయిపోనాడు. ఆ నీల్లల్లోనే ఒగ్గీసినారు.”

“ఎవరు చెప్పారు మీకు?”

చెక్క వంతెన దాకా నడిచి సాగనంపిన కొడుకులు కళ్ళు తుడుచుకున్నారు. “మట్టి సూసి నవ్వినాడండి,” అన్నాడు పెద్దవాడు. “నవ్వతానే పోనాడు,” అన్నాడు రెండోవాడు. కోడళ్ళు ఇద్దరూ ఒకేచోట నిట్టూర్చారు. పెట్టెకి రెండు వందల ఏళ్ళ కథ కావాలి. ఇక్కడ తొంభై రోజులు కూడా పట్టలేదు.

“అమాస అమాసకీ ఏట్లో పూలొగ్గుతన్నాం,” అంది నరసమ్మ. “పిల్లలెల్తారు. ఆ పొద్దు నాను గడప దాటను తల్లీ. ఎందుకో మరి, కాల్లాడవు.”

సన్యాసి గొంతు తరణి సంచిలో ఉంది. అరచేతిలో పట్టేంత పలక. మీట నొక్కితే చాలు. అతను మేడ మీద ఒంటరిగా కూర్చుని పోలి మాట కోసం ఎదురుచూస్తున్నాడు. మీట నొక్కితే అతను బతుకుతాడు. ఈ పది మందీ ఆ అరగంటలోకి మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. వాళ్ళతో పాటు, అక్కర్లేదు అన్న ఇంకో మనిషి కూడా వెళ్ళి కూర్చోవాలి. సంచి మూతి విప్పడానికి ఆమె చెయ్యి కదిలింది.

నరసమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది.

“నువ్వప్పుడక్కడే ఉన్నావు గదా తల్లీ. సదువుకున్నదానివి, నీ మాటకి ఇలువుంటాది. ఇలగే కదా జరిగింది?”

పది మందీ తరణి వైపు చూశారు. పోలి కూడా చూసింది. ఆ పిల్ల ఒక్కదాని కళ్ళల్లోనే ఇంకా ఓ అనుమానం మిగిలి ఉంది. బుగ్గ గిల్లినది దానికి గుర్తున్నట్టుంది.

తరణికి ఏడుపొచ్చింది. సంచి మీద నుంచి చెయ్యి తీసేసింది.

“ఇలాగేనమ్మా,” అంది. ఆ మాట దగ్గర తన ఊపిరి ఎక్కడ తెగిందో ఆమెకి తెలిసింది.

నరసమ్మ తేలిగ్గా గాలి పీల్చుకుంది. కోడలు టీ పెట్టడానికి లేచింది. వాకిట్లోకి ఊరి పిల్లలు ఇద్దరు వచ్చి ఆ ఫొటోలో తాత ఎవరని పోలిని అడిగారు. పోలి కాసేపు ఫొటో వైపు చూసి, గడప మీద కూర్చుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మట్టి చూడటం చెప్పింది, నవ్వడం చెప్పింది, నీళ్ళల్లో వదలడం చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

“డాక్టరమ్మ కూడా సూసినాదట,” అని చివర్లో చేర్చింది.